మేతలోనే లాభం.. మేతలోనే ముప్పు
సీమపందుల పెంపకంలో దాణా మెళకువలు

వజ్రకరూరు: తొలకరి జల్లులు పడగానే వజ్రకరూరు పొలాల్లో వజ్రాల వేట మొదలవుతుంది. అదృష్టం వరించేది ఏ కొందరినో. మిగిలిన వారి బతుకంతా ఆ ఎర్రనేలలో వేసే వేరుశనగ మీదే. అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదనుకు కురవదు. పంట చేతికందని ఏడు రైతును ఆదుకునేవి జీవాలు, పాడి పశువులే. సీమపందుల పెంపకం కూడా ఆ కోవలోనిదే. తల్లి పంది ఈతకు 8 నుంచి 10 పిల్లలను ఇస్తుంది. మంచి మేత ఉంటే ఆ పిల్లలు ఏడెనిమిది నెలల్లో 80 నుంచి 90 కిలోల బరువు తూగుతాయి. అయితే ఫారం ఖర్చులో సుమారు మూడొంతులు దాణాకే పోతుంది. కరవు సీమలో చవకగా దొరికిందే పెడదామనుకోవడం సహజం. ఆ చవక మేతే ఒక్కోసారి మందకు ప్రాణాంతకమవుతుంది.

కట్టె తినే జీవి కాదు

ఆవు, గొర్రె నెమరువేసే జీవులు. వాటి కడుపులో నాలుగు గదులుంటాయి. వేరుశనగ కట్టె, జొన్నచొప్ప వంటి పీచు మేతను అవి అరిగించుకోగలవు. పందికి మనిషి మాదిరిగా ఒకే గది. పీచు ఎక్కువైతే కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. అందువల్ల కట్టెను పశువులకు వదిలి, పందులకు గింజలు, చెక్కలు, తవుడుతో చేసిన దాణా పెట్టాలి. లేత పచ్చిమేతను కొద్దిపాటిగా మాత్రమే అందించవచ్చు.

వయసును బట్టి దాణా

పంది పెరిగే కొద్దీ దాణాలో మాంసకృత్తుల అవసరం తగ్గుతుంది. పాలు మరిపించే దశలో 20 శాతం, పెరిగే దశలో 18 శాతం, అమ్మకానికి సిద్ధమయ్యే దశలో 16 శాతం మాంసకృత్తులు ఉండాలి. 100 కిలోల దాణా తయారీకి ఈ పాళ్లను ఉదాహరణగా తీసుకోవచ్చు.

పిల్లల దాణా: మొక్కజొన్న 58 కిలోలు, సోయా చెక్క 24, తవుడు 9, ఉప్పులేని ఎండుచేపల పొడి 6, ఖనిజ లవణ మిశ్రమం రెండున్నర కిలోలు, ఉప్పు అర కిలో.

పెరిగే పందుల దాణా: మొక్కజొన్న 32, జొన్న 25, నూనె తీసిన తవుడు 16, సోయా చెక్క 14, వేరుశనగ చెక్క 7, చేపల పొడి 3. ఖనిజ లవణాలు, ఉప్పు పైన చెప్పినంతే.

చివరి దశ దాణా: జొన్న 30, మొక్కజొన్న 25, నూనె తీసిన తవుడు 25, సోయా చెక్క 10, వేరుశనగ చెక్క 7. ఖనిజ లవణాలు, ఉప్పు యథాతథం.

జొన్న గింజ చిన్నది, గట్టిది. మర పట్టించకుండా పెడితే చాలా భాగం అరగకుండానే పేడలో పోతుంది. ఎర్రజొన్న కంటే వగరు లేని తెల్లజొన్న మేలు.

ఈ పాళ్లలో సోయాకు చోటివ్వడానికి కారణం ఉంది. పంది కండ పట్టడానికి లైసిన్ అనే అమైనో ఆమ్లం కీలకం. జొన్నలోనూ, వేరుశనగ చెక్కలోనూ అది తక్కువే. స్థానికంగా దొరుకుతున్నాయని ఆ రెండింటితోనే దాణా చేస్తే కాగితం మీద మాంసకృత్తుల లెక్క సరిపోతుంది, పంది మాత్రం పెరగదు. సోయా చెక్క లేదా చేపల పొడి ఆ లోటు తీరుస్తుంది.

ఎంత పెట్టాలి?

20 కిలోల పిల్లకు రోజుకు సుమారు కిలో, 50 కిలోల పందికి 2 కిలోలకు పైగా, 90 కిలోలకు చేరువైన దానికి దాదాపు 3 కిలోల దాణా కావాలి. చూడి పందికి రోజుకు 2 నుంచి రెండున్నర కిలోలు చాలు. అంతకు మించితే కొవ్వు పట్టి ఈనేటప్పుడు ఇబ్బంది పడుతుంది. పాలిచ్చే తల్లికి ఇదే మోతాదుకు తోడు ఒక్కో పిల్లకు పావు కిలో చొప్పున అదనంగా పెంచాలి.

పిల్లలు పుట్టిన వెంటనే జున్నుపాలు తాగేలా చూడాలి. తల్లి పాలలో ఇనుము తక్కువ. సిమెంటు గచ్చు మీద పెరిగే పిల్లలకు మట్టి ద్వారా కూడా అది అందదు. అందుకే మూడు, నాలుగు రోజుల వయసులో ఇనుము ఇంజెక్షన్ వేయించాలి. రెండు వారాల వయసు నుంచి పిల్లల దాణా అలవాటు చేయాలి.

బూజు పట్టిన చెక్క విషమే

వేరుశనగ పంట చివరి దశలో బెట్టకు గురైతే కాయల్లో ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రం చేరుతుంది. అది విడుదల చేసే విషమే అఫ్లాటాక్సిన్. తడి కాయలను కుప్ప వేసినా ఇదే ముప్పు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ చెక్కే కారణమని తేలింది. అఫ్లాటాక్సిన్ సంగతి ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

ఈ విషం పంది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మేత తినడం తగ్గుతుంది. ఎదుగుదల ఆగిపోతుంది. రోగనిరోధక శక్తి సన్నగిల్లి టీకాలు సైతం సరిగా పనిచేయవు. బూజు దులిపినా, ఎండబెట్టినా, ఉడకబెట్టినా విషం పోదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ పిల్ల జీవాల దాణా గింజల్లో 100 కోట్ల పాళ్లకు 20 పాళ్లకు మించరాదని పరిమితి విధించింది. అంటే టన్ను దాణాలో 20 మిల్లీగ్రాములే. కంటికి కనిపించని ఈ మోతాదు పరీక్షలోనే తేలుతుంది. కాబట్టి చెక్కను పరీక్ష చేయించి కొనడం ఉత్తమం. బస్తాలను నేల మీద కాక చెక్క బల్లలపై, గోడకు ఎడంగా పేర్చాలి. పిల్లలకు, చూడి పందులకు వేరుశనగ చెక్క పెట్టకపోవడమే శ్రేయస్కరం.

ఇవి వద్దు

ఆముదపు చెక్కలో రైసిన్ అనే తీవ్ర విషం ఉంటుంది. అది ఎరువుకే గానీ దాణాకు పనికిరాదు. వేప, కానుగ చెక్కలూ అంతే. పత్తి గింజల చెక్కలోని గాసిపాల్ పశువుల కంటే పందులకు ఎక్కువ హాని చేస్తుంది.

హోటల్ మిగుళ్లతో జాగ్రత్త

గుంతకల్లు, ఉరవకొండ వంటి పట్టణాలకు దగ్గరగా ఉన్న ఫారాలకు హోటళ్ల మిగుళ్లు సులువైన మేత. మాంసపు ముక్కలు కలిసిన మిగుళ్లను పచ్చిగా పెడితే రోగాలను కొని తెచ్చుకున్నట్లే. 2001లో బ్రిటన్‌ను కుదిపేసిన గాలికుంటు వ్యాధి ఉడికించని మిగుళ్లు తిన్న ఒక పందుల ఫారంలోనే మొదలైందని దర్యాప్తులో తేలింది. ఆ ఏడాదే అక్కడ మిగుళ్ల మేతను నిషేధించారు. 2020లో అస్సాం, అరుణాచల్‌ప్రదేశ్‌లలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2022 నాటికి కేరళలోని వయనాడ్‌కు చేరింది. ఈ జబ్బు సోకిన పందుల్లో అధిక శాతం చనిపోతాయి. చికిత్స లేదు. మిగుళ్లు తప్పనిసరైతే మరిగే నీటి వేడిలో కనీసం అరగంట, మధ్యమధ్య కలియబెడుతూ ఉడికించాలి. పచ్చి మిగుళ్లు తెచ్చిన పాత్రల్లో ఉడికినవి పోయరాదు. ప్లాస్టిక్ సంచులు, ఎముకలు ఏరివేయాలి.

పందులను ఊరి మీదికి వదలడం మరీ ప్రమాదం. బహిరంగ మలవిసర్జన ప్రదేశాల్లో తిరిగే పందుల మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఏర్పడతాయి. ఆ మాంసం సరిగా ఉడకకపోతే తిన్నవారి పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు ఆహారంలో, నీటిలో కలిస్తే మనుషుల మెదడులోనూ తిత్తులు చేరి మూర్ఛ రావచ్చు.

నీరు లేకుంటే ఉప్పే విషం

పంది తినే ప్రతి కిలో దాణాకు రెండు, మూడు లీటర్ల నీరు కావాలి. పాలిచ్చే తల్లికి రోజుకు 20 లీటర్లకు పైనే. పందికి చెమట పట్టదు. ఎండ 40 డిగ్రీలు దాటే అనంత వేసవిలో ఉదయం పెందలాడే, సాయంత్రం చల్లబడ్డాక మేత పెట్టాలి. మధ్యాహ్నం ఒంటిపై నీళ్లు చిలకరించాలి. బోరు ఎండి ఒకటి రెండు రోజులు నీరందకపోతే దాణాలోని మామూలు ఉప్పు కూడా విషమవుతుంది. పందులు గుండ్రంగా తిరుగుతూ, మూర్ఛతో కొట్టుకుని చనిపోతాయి. అలాంటప్పుడు ఒక్కసారిగా నీళ్లు వదలకుండా కొద్దికొద్దిగా తాగించాలి. ఫారం కట్టే ముందే నీటి లెక్క చూసుకోవాలి.

లెక్క రాస్తేనే తెలిసేది

మేలైన దాణాతో కిలో బరువు పెరగడానికి సుమారు మూడున్నర కిలోల మేత పడుతుంది. దాణా నాసిరకమై అది నాలుగున్నర కిలోలకు చేరితే, 20 కిలోల పిల్ల 90 కిలోలకు పెరిగేలోగా ఒక్కో పందికి 70 కిలోల దాణా వృథా. 50 పందుల ఫారంలో ఇది మూడున్నర టన్నులు. బస్తాకు పది, ఇరవై రూపాయలు తగ్గిందని కొన్న బూజు చెక్క తెచ్చే నష్టం ఇక్కడే కనిపిస్తుంది. పక్షానికోసారి నాలుగైదు పందులను తూచి, పెట్టిన మేతను పుస్తకంలో రాసుకోవాలి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల జాతులు, పోషణపై పరిశోధనలు జరుగుతున్నాయి. పెంపకందారులు దాణా పాళ్లను స్థానిక పశువైద్యాధికారికి చూపించి, అందుబాటులో ఉన్న దినుసులకు తగ్గట్లు సవరించుకోవడం మంచిది.