పిల్లల పెంపకం పరిశోధన: ఇంటర్వ్యూ, పరిశీలన

పెంపకాన్ని అధ్యయనం చేయడానికి తల్లిదండ్రులను ప్రశ్నించి వివరాలు రాబట్టడం, ఇంటి జీవితాన్ని నేరుగా గమనించి నమోదు చేయడం అనేవి రెండు ప్రధాన పద్ధతులు.

రాబర్ట్ సియర్స్ బృందం 1957లో ప్రచురించిన అమెరికా అధ్యయనం 379 మంది తల్లుల ఇంటర్వ్యూలపై ఆధారపడింది. ఉత్తరప్రదేశ్‌లోని ఖాలాపూర్‌తో కూడిన ఆరు సంస్కృతుల అధ్యయనంలో 1964 నాటి గ్రంథానికి తల్లుల ఇంటర్వ్యూలు, 1975 నాటి గ్రంథానికి పిల్లల ప్రవర్తన పరిశీలన ఆధారం.

ఇంటర్వ్యూ నమ్మకాలను, గతాన్ని, రాత్రివేళ సంగతులను తెలుపుతుంది. అయితే మతిమరుపు, నలుగురు మెచ్చే జవాబు చెప్పాలన్న మొగ్గు దాని పరిమితులు. పరిశీలన వాస్తవ ప్రవర్తనను పట్టిస్తుంది. కానీ ఖర్చెక్కువ, పరాయి మనిషి ఎదుట ఇంటివారి తీరు మారవచ్చు, అరుదైన ఘటనలు దొరకవు. బెట్టీ కాల్డ్‌వెల్, రాబర్ట్ బ్రాడ్లీ రూపొందించిన ‘హోమ్’ కొలమానం రెండింటినీ కలుపుతుంది. మూడేళ్లలోపు పిల్లల కోసం ఉన్న దాని రూపంలో 45 అంశాలుంటాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాల్గొన్న, తల్లులను అడగడాన్ని నేరు కొలతలతో కలిపిన ఒక ప్రయోగం అప్పటి నల్గొండ జిల్లాలోని 60 గ్రామాల్లో జరిగింది. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. పిల్లల 3 నెలల వయసు నుంచి 15 నెలల వరకు సాగిన ఈ ప్రయోగంలో ఆహార వివరాలను తల్లులను అడిగి తెలుసుకున్నారు, ఎదుగుదలను కొలిచారు, వికాసాన్ని బేలీ పరీక్షతో అంచనా వేశారు. బిడ్డ సంకేతాలకు స్పందిస్తూ తినిపించడం, ఆడించడం తల్లులకు నేర్పిన బృందంలో మానసిక వికాస స్కోరు మామూలు అంగన్‌వాడీ సేవల బృందం కంటే ఎక్కువగా నమోదైంది.