భీముడి బండెడన్నం నుంచి ఛోటా భీమ్ లడ్డూ దాకా

ఒకడు పీకల దాకా తింటాడు. తిన్నది అరిగేలోపే ఒక రాక్షసుణ్ణి మట్టి కరిపిస్తాడు. చూసేవాళ్లు పడీ పడీ నవ్వుతారు. జపాన్ యానిమేల్లో ఇలాంటి కథలంటే మన పిల్లలకు ఇప్పుడు ఎంతో మోజు. నాయుడుపేట బస్టాండులో ఫోను పట్టుకుని కూర్చున్న కాలేజీ కుర్రాళ్లను కదిలిస్తే ఆ యానిమేల వీరులు గోకూ గురించి, లూఫీ గురించి తమ వీధి కుర్రాళ్ల గురించి చెప్పినట్టే చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ఇదంతా ఎక్కడి నుంచో ఊడిపడ్డ పిచ్చిలా కనిపిస్తుంది. నిజానికి తిండినీ పోట్లాటనూ నవ్వునూ ఒకే పొయ్యి మీద వండటం తెలుగువాళ్లకు దాదాపు వెయ్యేళ్ల నాటి విద్య. అందులో ఒక గొప్ప అధ్యాయాన్ని రాసింది నెల్లూరులోనే.

మొదలు భీముడు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు భారతాన్ని ఆరంభించాడు. ఆయన చెప్పిన ఆదిపర్వంలోనే బకాసురుడి కథ ఉంది. ఏకచక్రపురంలో వంతుల లెక్కన ఒక్కో ఇంటి నుంచి బండెడన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకెళ్లే మనిషి రాక్షసుడికి ఆహారంగా పోవాలి. తమకు ఆశ్రయమిచ్చిన బ్రాహ్మడి ఇంటికి వంతు వచ్చినప్పుడు కుంతి భీముణ్ణి పంపుతుంది. భిక్షాన్నంలో సగం భీముడికి, మిగతా సగం తక్కిన ఐదుగురికీ పంచుతూ వచ్చిన తల్లి ఆమె. కొడుకు ఆకలీ బలమూ రెండూ ఆమెకు తెలుసు. భీముడు అడవికి వెళ్లి బండి ఆపి, రాక్షసుడి కోసం తెచ్చిన అన్నాన్ని తానే తినడం మొదలుపెడతాడు. బకుడు వచ్చి వెనక నుంచి వీపు మీద రెండు చేతులతో గుద్దుతాడు. భీముడు తల తిప్పి చూడడు. తినడం పూర్తయ్యాకే లేస్తాడు.

ఈ కథకు ప్రాణం ఆ తల తిప్పకపోవడంలోనే ఉందని నేను నమ్ముతాను. దెబ్బలు పడుతుంటే ముద్ద మీద ముద్ద దించే మనిషిని చూసి ఎవరికైనా నవ్వు రావాల్సిందే. ఆ నవ్వు వెనక ఒక న్యాయం కూడా ఉంది. ఊరి కడుపు కొట్టి పోగేసిన కూడది. దాన్ని ఊరి తరఫున తినేవాడు ఒకడొచ్చాడు.

ఈ ఘట్టాన్ని కళ్లారా చూడాలంటే నాయుడుపేట నుంచి దూరం పోనక్కర్లేదు. శ్రీకాళహస్తి, తిరుపతి, పుత్తూరు ప్రాంతాల్లో ద్రౌపదీ సమేత ధర్మరాజు గుళ్లున్నాయి. అక్కడ రోజుల తరబడి భారతం చెప్పించి, అర్జునుడి తపసు, దుర్యోధన వధ, అగ్నిగుండం జరిపిస్తారు. వాటి నడుమ బకాసుర వధ కూడా ఉంటుంది. భీముడి వేషగాడు అన్నం, కూరలు, పిండివంటలు పెట్టిన బండి మీద వీధులు తిరుగుతుంటే వెనక పిల్లల మంద. పురాణంగా విన్నది అలా వీధిలోకొస్తుంది.

ఇక నెల్లూరు. పదమూడో శతాబ్దంలో నెల్లూరునేలిన మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు తెలిగించాడు. ఆ మొదటి పర్వంలోనే భీముడు వలలుడనే పేరుతో విరాటరాజు వంటవాడిగా చేరతాడు. వంటతో పాటు మల్లులతో కుస్తీ కూడా పడతాడు. గరిటె, గద ఒకే చేతిలో ఉన్న మనిషి. కీచకుడి అవమానం భరించలేని ద్రౌపది రాత్రివేళ వెతుక్కుంటూ వెళ్లేది వంటశాలకే. తర్వాతి రాత్రి నర్తనశాలలో ద్రౌపది ఉంటుందని ఆశపడి వచ్చిన కీచకుడికి చీకట్లో భీముడు దొరుకుతాడు. కాముకుడి మాటలు వంటవాడి చెవిన పడే ఆ ఘడియలో ఉన్నంత హాస్యం, ఉన్నంత భయం ఒక్కచోట కలిసిన సన్నివేశాలు మన సాహిత్యంలో తక్కువ. పాత్రల నడుమ నాటకం నడపడంలో తిక్కనకు సాటి లేరని పెద్దలంటారు. ఈ ఘట్టం ఒక్కటే అందుకు చాలు.

పుస్తకంలోని ఈ భీముణ్ణి చదువురాని పల్లెలకు తెచ్చినవాళ్లు తోలుబొమ్మలవాళ్లు. నూనె దీపం ముందు ఆడే ఆ బొమ్మలను మన తొలి యానిమేషన్ అనడానికి నాకు సంకోచం లేదు. రంగులద్దిన చర్మం, కీళ్ల దగ్గర కదిలే చేతులు, తెర వెనక గొంతు మార్చే కళాకారుడు. యుద్ధం మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి మోటు సరసాలతో నవ్వించి పోతారు. పోరు మధ్యలో హాస్యం చొప్పించే పద్ధతి యానిమే అభిమానులకు బాగా తెలుసు. మన పల్లెల్లో అది తెల్లవార్లూ నడిచేది. తోలుబొమ్మలాట కుటుంబాల నుంచే సురభి నాటక సమాజం పుట్టింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం ఆడిన తొలి నాటకం కీచక వధ. ఆ తర్వాత సురభివాళ్ల మాయాబజార్ నాటకం రంగస్థలం మీది మాయలతో పేరు మోసింది.

సురభి తొలి నాటకానికి కొద్ది ఏళ్ల ముందే, 1876–78లో, ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పి చేసింది. నెల్లూరు సీమ కూడా దాని బారిన పడింది. బండెడన్నం తినేవాణ్ణి చూసి మన పెద్దలు ఎందుకంత సంతోషపడ్డారో అర్థం కావాలంటే ఈ మాట గుర్తుంచుకోవాలి. జపాన్‌లోనూ ఇదే వరస. ఆకలిగొన్నవాళ్లకు తన తలనే తుంచి పెట్టే రొట్టె వీరుడు అన్‌పాన్‌మాన్‌ను సృష్టించిన యనాసె తకాషి రెండో ప్రపంచయుద్ధంలో సైనికుడిగా ఆకలి రుచి చూసినవాడు.

సినిమా దగ్గర కాసేపు ఆగాలి. 1957 మార్చి 27న వచ్చిన మాయాబజార్‌లో పాండవులు తెర మీద కనపడరు. అయినా భీముడి కడుపు కొడుకు రూపంలో వచ్చింది. పెళ్లివారి కోసం వండి వార్చిన విందు మధ్య ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడిగా కూర్చుంటే లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి పోతాయి. మాధవపెద్ది సత్యం గొంతు, మార్కస్ బార్ట్‌లే కెమెరా పనితనం, దర్శకుడు కె.వి. రెడ్డి పట్టు. కంప్యూటర్లు లేని కాలంలో చేసిన ఆ మాయను ఈనాటి పిల్లలు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. కౌరవుల తరఫు శర్మ, శాస్త్రి గోంగూర కోసం చేసే హడావుడి అందులో మరో విందు. మాయలమారి చినమయ్యగా నవ్వించిన బక్కపలచని రమణారెడ్డి నెల్లూరు జిల్లా జగదేవిపేటవాడు. సినిమా తయారైన మద్రాసు కూడా నాయుడుపేటకు విజయవాడకన్నా చాలా దగ్గర, రైలెక్కితే కొన్ని గంటల దారి.

బకాసురుడి కథలో తిండి తర్వాత పోరు ఉంది. మాయాబజార్ విందు ఘట్టంలో తిండే పోరు. దెబ్బ వేయకుండా కౌరవుల పెళ్లి సంబరాన్ని మింగేశాడు ఘటోత్కచుడు. ఆరేళ్ల తర్వాత, 1963లో, అదే రంగారావు నర్తనశాల సినిమాలో కీచకుడై భీముడి చేతిలో చచ్చాడు. ఆ భీముడి వేషం వేసింది బరువులెత్తే వీరుడు దండమూడి రాజగోపాలరావు.

తర్వాత చాలాకాలం టీవీ బొమ్మలు చాలావరకు పరదేశాలవే. హైదరాబాదులో 2001లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ఛోటా భీమ్‌తో ఆ కొరత తీర్చింది. ఢోలక్‌పూర్ కుర్రాడు, టున్‌టున్ అత్త చేసిన లడ్డూలు, ఒక్క లడ్డూ తింటే పొంగే బలం. దేశమంతటా పిల్లలు నెత్తిన పెట్టుకున్నారు. 2019లో మాటల్లేని మైటీ లిటిల్ భీమ్ నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఎన్నో దేశాలకు వెళ్లింది. తెలుగు గడ్డ మీద తయారైన భీముడు ప్రపంచం తిరగడం నాకు గర్వకారణమే. అయినా ఒక వెలితి చెప్పక తప్పదు. ఛోటా భీమ్ లడ్డూకు రుచి లేదు. అది నోట్లో పడగానే పనిచేసే మందు మాత్రమే. ఎవరు వండారు, ఏ పిండితో, ఎంత నేతితో అన్నది కథకు పట్టదు.

సరిగ్గా అదే 2008లో జపాన్ వారపత్రిక షోనెన్ జంప్‌లో షిమబుకురో మిత్సుతోషి టొరికో మొదలుపెట్టాడు. 2011 నుంచి 2014 దాకా 147 భాగాల యానిమేగా వచ్చింది. అరుదైన ఆహారాల కోసం వింత మృగాలతో పోరాడే వేటగాడు టొరికో, వెంట కొమట్సు అనే వంటవాడు. తినబోయేదాన్ని తప్ప టొరికో దేన్నీ చంపడు. తినేముందు చేతులు జోడించి ఆహారానికి కృతజ్ఞత చెబుతాడు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని విని పెరిగినవాళ్లకు ఆ నమస్కారం పరాయిది కాదు. వన్ పీస్ యానిమేలో వంటవాడు సాంజీ మరో అడుగు ముందుకేశాడు. వంటవాడి చేతులు వంటకే అంటూ కాళ్లతోనే పోరాడతాడు, ఆకలితో వచ్చినవాడు శత్రువైనా అన్నం పెడతాడు. కాబట్టి ఈ యానిమేల మీద మన కుర్రాళ్ల మోజును తప్పు పట్టలేం. వలలుడి బంధువుల్నే వాళ్లు గుర్తుపట్టారు.

ఇప్పుడు జపాన్ యానిమేలు తెలుగు మాటలతోనూ వస్తున్నాయి. చూసేవాళ్లున్నారు, బొమ్మలు గీసే చేతులు హైదరాబాదులో ఉన్నాయి, కథ తిక్కన ఇచ్చే ఉంచాడు. అందుకే మన యానిమేషన్ కళాకారులకు ఒక విన్నపం. విరాటుడి కొలువులో వలలుడు గడిపిన ఏడాదిని బొమ్మల కథగా తీయండి. పోరు ఎంత బాగా గీస్తారో వంట కూడా అంత బాగా గీయండి. ఆ వంటశాల నెల్లూరుది కావాలి. మొలగొలుకుల అన్నం ఉడకాలి, పులికాట్ రొయ్యలు వేగాలి, చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేసే అదును కూడా తెర మీద కనపడాలి.