వంకాయ రంగు లింకు పుట్టుపూర్వోత్తరాలు

ఒకసారి తెరిచి చదివిన లింకు నీలం వదిలి వంకాయ రంగుకు తిరుగుతుంది. బ్రౌజర్లు మనకు చేసిపెట్టే ఉపకారాల్లో బాగా పాతవాటిలో ఇదొకటి. ఇప్పుడది సరిగ్గా జరగడం లేదని సెట్టింగులన్నీ తిరగేసేవాళ్లు, హిస్టరీ తుడిచేసేవాళ్లు, బ్రౌజర్‌నే తీసేసి మళ్లీ ఎక్కించుకునేవాళ్లు ఉన్నారు. అంత శ్రమ పడేముందు ఆ రంగు ఎక్కడ పుట్టిందో, దాని చుట్టూ ఎంత రభస జరిగిందో తెలుసుకోవడం మేలు. చాలాసార్లు అక్కడ పాడైందేమీ ఉండదు, తెలిసే మార్చారు.

1990 చివర్లో సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ తొలి బ్రౌజర్ రాసినప్పుడు లింకుకు ఫలానా రంగే ఉండాలన్న పట్టింపు లేదు. అక్కడే నికోలా పెల్లో అనే విద్యార్థిని రాసిన మరో బ్రౌజర్లో లింకు పక్కన బ్రాకెట్లలో ఒక అంకె కనిపించేది. ఆ అంకె కొట్టి ఎంటర్ నొక్కితే పేజీ వచ్చేది. మౌసుతో పని లేదు, రంగుతో అసలే లేదు. ఇటు అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ బృందం 1980ల్లోనే హైపర్‌టైస్ అనే ప్రోగ్రాములో లింకులకు లేత నీలం వాడింది.

నీలం, ఊదా జంటగా స్థిరపడింది మాత్రం మొజాయిక్ అనే బ్రౌజర్‌తో. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్ఏ కేంద్రంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బినా దాన్ని తయారుచేశారు. 1993 ఏప్రిల్‌లో వచ్చిన 0.13 వెర్షన్ మార్పుల చిట్టాలో ఆ సంగతి ఉంది: చూడని లింకుకు నీలం, కింద నిండు గీత, చూసినదానికి ముదురు ఊదా, కింద తెగిన గీత. ఏ పేజీలు చూశామో గుర్తుపెట్టుకోవడానికి మొజాయిక్ మన కంప్యూటర్లోనే ఒక మామూలు ఫైలు రాసుకునేది. అంటే హిస్టరీ, లింకు రంగు మొదటినుంచీ ఒకే తల్లి బిడ్డలు. హిస్టరీని ఆపితే రంగూ ఆగుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

తర్వాత నెట్‌స్కేప్ బ్రౌజర్ ఈ గుర్తుకు గడువు పెట్టింది. నొక్కిన లింకు 30 రోజుల తర్వాత మళ్లీ నీలమయ్యేది, కావాలంటే గడువు మార్చుకోవచ్చు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మామూలుగా 20 రోజుల హిస్టరీ ఉంచేది, క్రోమ్ 90 రోజులది ఉంచుతుంది. 1996 డిసెంబరులో పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ భాష తొలి ప్రమాణం వచ్చి, చూసిన లింకు ఎలా కనబడాలో నిర్ణయించే అధికారాన్ని సైటు తయారుచేసేవాళ్ల చేతికిచ్చింది. వాళ్లు ఏంచేశారు? అందంగా ఉండదని చాలామంది రెండింటికీ ఒకే రంగు వేసి కూర్చున్నారు. చదివినవీ చదవనివీ కలిసిపోయి జనం ఒకే పేజీ చుట్టూ తిరుగుతున్నారని 2004లో వెబ్ వాడుక నిపుణుడు జేకబ్ నీల్సన్ గట్టిగానే చెప్పాడు. విన్నవాళ్లు తక్కువ. మన తెలుగు వికీపీడియా (తెవికీ) ఆ తక్కువమందిలో ఉంది. అక్కడ ఉన్న పేజీకి నీలం, చూసినదానికి ఊదా, ఇంకా ఎవరూ రాయనిదానికి ఎరుపు.

అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది. రంగును సైటు నిర్ణయిస్తుంది, దాన్ని మార్చేది మన హిస్టరీ. కిరాణా కొట్లో మన ఖాతా పుస్తకం మనకోసమే తెరిచినా వెనక నిలబడ్డవాడూ చదివేసినట్టు, మన గుర్తు పరాయివాడి పేజీమీద కనబడుతోంది. పేజీలో కంటికి ఆనకుండా వేల లింకులు పెట్టి, ఒక్కోదాని రంగేమిటని జావాస్క్రిప్ట్‌తో బ్రౌజర్నే అడిగితే చాలు. ఇది నీలం, ఇది ఊదా అని అది బుద్ధిగా చెప్పేసేది. ఏ బ్యాంకు సైటుకు వెళ్లామో, ఏ జబ్బు గురించి చదివామో మొత్తం బయటపడేది.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాలో డేవిడ్ బారన్ 2002 మేలోనే దీన్ని లోపంగా నమోదు చేశాడు. సవరణ ప్రకటన 2010 మార్చిలో వచ్చింది, ఫైర్‌ఫాక్స్ 4తో 2011లో జనానికి చేరింది. ఈలోగా 2010లోనే శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు పేరున్న 50,000 సైట్లను పరిశీలిస్తే, 46 సైట్లు ఇలా హిస్టరీ లాగుతూ దొరికాయి. ఎపిక్ మార్కెట్‌ప్లేస్ అనే ప్రకటనల సంస్థ 54,000 పైచిలుకు డొమైన్ల పేజీలకు జనం వెళ్లారో లేదో ఆరాతీసిందని, అందులో సంతానలేమి, అప్పుల ఊబి, దివాలా లాంటి విషయాల పేజీలూ ఉన్నాయని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. 2012 డిసెంబరులో అది రాజీతో ముగిసింది.

బారన్ కనిపెట్టిన మందు నాకు భలే నచ్చుతుంది. బ్రౌజర్‌కు అబద్ధం నేర్పాడు. తెరమీద లింకు ఊదాగానే ఉంటుంది, కానీ రంగేమిటని పేజీ అడిగితే ఎప్పుడూ చూడని లింకు రంగే చెబుతుంది. చూసిన లింకుకు రంగులు తప్ప ఇంకేమీ మార్చే వీలు లేకుండా కూడా చేశారు. అయినా దొంగదారులు మిగిలాయి. 2011లో ఒక పరిశోధక బృందం చదరంగం బల్ల బొమ్మ పెట్టి, కనిపించిన బంట్లన్నిటినీ నొక్కమని అడిగింది. ఒక్కో గడి ఒక్కో లింకు. మనం చూసిన సైట్ల గడుల్లోనే బంటు కనబడుతుంది, మిగతావి బల్ల రంగులో కలిసిపోతాయి. బ్రౌజర్ నోరు విప్పకపోయినా మన వేలే చెప్పేస్తుంది!

దానికి జవాబు 2025లో క్రోమ్ 136తో వచ్చింది. అందులో ఒక సైటులో ఉండగా మీరు నొక్కిన లింకు ఆ సైటులోనే ఊదాగా మారుతుంది. గూగుల్ వెతుకులాటలో నొక్కి తెవికీ వ్యాసం చదివారనుకోండి, అదే వ్యాసం లింకు వేరే ఎవరి సైటులో కనిపించినా నీలంగానే ఉంటుంది. తెవికీ లోపల మాత్రం ఊదాగా కనబడవచ్చు, ఎందుకంటే సొంత పేజీల విషయంలో సైటుకు మినహాయింపు ఉంది. మీరేం చదివారో దానికి ఎలాగూ తెలుసు కదా.

కాబట్టి రంగు మారకపోతే ముందు ఇది కొత్త క్రోమ్ పద్ధతేమో చూసుకోండి. అది కాదంటే, మీరున్నది ప్రైవేటు విండోనా, హిస్టరీ దాచవద్దని లేక మూయగానే తుడిచేయమని ఎప్పుడో చెప్పి మరిచిపోయారా అని చూడండి. పైన గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఆ తర్వాత చిరునామా. బ్రౌజర్ లెక్కలో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే పేజీ. వాట్సాప్‌లో వచ్చిన లింకుకు ప్రశ్నార్థకం తర్వాత పొడుగాటి తోక ఉంటే, తోక లేని లింకు నీలంగానే మిగులుతుంది. మొబైల్ చిరునామాకూ కంప్యూటర్ చిరునామాకూ అదే తంతు. ఫైర్‌ఫాక్స్‌లోనైతే రంగుల సెట్టింగులో రెండు రకాల లింకులకూ ఒకే రంగు పెట్టారేమో చూడాలి. ఒక్క సైటులోనే మారడం లేదంటే తప్పు మీది కాదు, ఆ సైటు తయారుచేసినవాళ్లది.

వీటిలో దేనికీ హిస్టరీ మొత్తం తుడిచేయడం మందు కాదు. తుడిచేస్తే రంగు తిరిగి రాదు సరికదా, ఉన్న గుర్తులు కూడా పోతాయి.