వంశమా, నూతినీరా?

చీమకుర్తి యనగానే చుక్కలు మెరయు నల్లరాయి జ్ఞాపకము వచ్చును. ఆ రాయి దేశదేశములకు వెళ్లినది. వైద్యగ్రంథములలో మాత్రము ఈ ప్రాంతపు పేరు మరియొక కారణమున కనబడును. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమునందువలెనే ఇక్కడను, మధుమేహము గాని చిరకాలపు రక్తపుపోటు గాని లేనివారికి సైతము మూత్రపిండములు మెల్లమెల్లగా చెడిపోవుట వైద్యులు గమనించిరి. ప్రకాశం, శ్రీకాకుళం జిల్లాల త్రాగునీటిని పరీక్షించిన ఒక పరిశోధన 2013లో వెలువడినది. అసలు కారణము నేటికిని తేలలేదు.

ఒకే యింట తండ్రికి, కొడుకునకు జబ్బు వచ్చినచో "అది వారి వంశములో ఉన్నది" అనుట మనకు అలవాటు. ఆ మాట ఊరక పోదు. పిల్లలకు సంబంధములు తప్పిపోవును. నూతినీటిని గూర్చి అడుగువాడు ఉండడు.

వంశమున వచ్చునవి లేకపోలేదు. మూత్రపిండముల నిండ నీటితిత్తులు పుట్టు వ్యాధి తల్లిదండ్రులలో ఒకరికున్నను, ప్రతి బిడ్డకును అది రాగల అవకాశము సగము. దాని ముఖ్యమైన జన్యువు 1994లో దొరికినది. దీనికి మేనరికముతో నిమిత్తము లేదు. మేనరికము వలన పైకి వచ్చునవి వేరు. ఇరువైపుల నుండియు లోపము సంక్రమించినగాని బయటపడని అరుదైన వ్యాధులవి.

2010లో శాస్త్రజ్ఞులు అపోల్-1 అను జన్యువునకు మూత్రపిండముల జబ్బుతో గల సంబంధమును పట్టుకొనిరి. దాని మారిన రూపములు ఆఫ్రికా మూలములు గల ప్రజలలో ఉన్నవి. అవి నిద్రజబ్బు క్రిమిని చంపగలవు. కాని తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వచ్చినచో మూత్రపిండములకు ముప్పు హెచ్చును. మరి ఈ జన్యువు బొత్తిగా పనిచేయకున్న ఏమగును? ఇందుకు సమాధానము మన ఆదిలాబాదునకు పొరుగుననున్న చంద్రపూర్ జిల్లాలో దొరికినదన్న ఆశ్చర్యము కలుగును. 2004లో అక్కడ ఒక రైతునకు నెలల తరబడి జ్వరము విడువలేదు. రక్తములో కనబడినది పశువులకు వచ్చు సర్రా క్రిమి! మనుష్యుని రక్తములో అది బ్రతకరాదు. ఆయనలో అపోల్-1 మాంసకృత్తు బొత్తిగా లేదని 2006లో తేలినది. అయినను ఆయన మూత్రపిండములు చక్కగానే ఉన్నట్లు 2012లో ప్రకటించిరి. కీడు చేయునది లోపము కాదు, వికృతరూపము. దాని పనిని అణచు ఔషధముతో మూత్రమున పోవు మాంసకృత్తు తగ్గినట్లు 2023లో ప్రచురించిరి.

అయితే ఇది ఆఫ్రికా సంతతి కథ. చీమకుర్తికి దగ్గర పోలిక డాన్యూబు ఉపనదుల తీరమున కలదు. బల్గేరియా, యుగోస్లావియా, రుమేనియా పల్లెలలో ఇట్టి వ్యాధియే 1950ల నాడు వైద్యుల దృష్టికి వచ్చినది. ఒక యింట తరతరములుగా చావులు, ప్రక్కయింట ఏమియు లేదు. వంశదోషమేనని అనుమానించినవారు కలరు. కాని పైనుండి వచ్చి స్థిరపడినవారికిని పదునైదు, ఇరువది యేండ్లకు అదే జబ్బు పట్టుకొన్నది. వారు పంచుకొన్నది రక్తము కాదు, రొట్టె. గోధుమచేలలో కలుపుగా మొలచు ఒక మొక్క గింజలు పిండిలో కలియుచున్నవని ఈవిచ్ అను పరిశోధకుడు 1969 ప్రాంతమున చెప్పెను. ఆ మొక్క మన గాడిదగడపాకునకు దాయాది. రోగుల మూత్రపిండములలో దాని విషపు జాడ 2007లో బయటపడినది.

కనుక మా దృష్టిలో చీమకుర్తి పల్లెలలో మొదట విచారింపదగినది కొడుకులను గూర్చి కాదు, కోడళ్లను గూర్చి. వారు దూరపు ఊళ్ల నుండి వచ్చినవారు. త్రాగునది ఈ యింటి నీరే. ఈ జబ్బు తొలిదినములలో నొప్పి యుండదు, వాపు యుండదు. రక్తములో క్రియాటినిన్ పరీక్షించిననే తెలియును. యింట ఒకరికి జబ్బు తేలినప్పుడు తోబుట్టువులతోపాటు కోడలికి కూడ ఆ పరీక్ష చేయించవలెను.