చేతిలో ఉన్న కార్డు ఎవరిది?

మానుకోట మార్కెట్లో మిర్చి కాంటా అయి మూడు రోజులైంది. ఖాతాలో డబ్బు పడిందని వ్యాపారి గుమస్తా పొద్దున్నే ఫోన్ చేశాడు. కాయ ఏరిన కూలీలకు వారం కూలి బాకీ ఉంది. ఆ రోజు రెండో శనివారం కావడంతో బ్యాంకు షట్టరు దించి ఉంది. తండా నుంచి ఆటోలో వచ్చిన రైతు, అరవైకి దగ్గర పడ్డ మనిషి, పక్కనున్న ఏటీఎం గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

కార్డు పెట్టాడు. భాష అడిగే తెర వచ్చినంత వేగంగానే దాటిపోయింది. తర్వాత వచ్చిందంతా ఇంగ్లిషు. ఏ మీట నొక్కాలో కొడుకు ఒకసారి చూపించాడు గానీ, ఆ కొడుకు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఏదో నొక్కితే మిషను కార్డును బయటికి తోసింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తోసింది.

“ఏం కాకా, పైసలొస్తలేవా?”

వెనక నిలబడ్డ కుర్రాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో హెల్మెట్, ముఖంలో ఏ తొందరా లేదు.

“ఏందో బిడ్డా, బయటికే నూకుతుంది.”

“గీ మిషన్ గిట్లనే సతాయిస్తది. ఇటియ్యి, నేన్జూస్త. ఎంత గావాలె?”

“తొమ్మిది వేలు.”

“పిన్ను కొట్టు మరి.”

రైతు పిన్ను కొట్టలేదు, కొట్టడం రాదు. కార్డు కవరు లోపలి మడతలో కొడుకు బాల్‌పెన్నుతో రాసిచ్చిన నాలుగంకెలు చూపించాడు. కుర్రాడు వాటిని పైకి చదువుతూ నొక్కాడు. నోట్లు వచ్చాయి. కుర్రాడు వాటిని ముట్టుకోనైనా లేదు. “నువ్వే తీస్కో కాకా, లెక్క జూస్కో. దొంగలుంటరు, జేబుల పైలంగ పెట్టుకో.” రైతు తల వంచి నోట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ పద్దెనిమిది నోట్లు లెక్కపెట్టేంత సేపు చాలు. లెక్క సరిపోయేసరికి కుర్రాడు కార్డును కవర్లో పెట్టి చేతికిచ్చాడు.

“సల్లగుండు బిడ్డా,” అని దీవించి రైతు బయటికి వచ్చాడు. కవరు అతనిదే. లోపలి కార్డు మాత్రం అతనిది కాదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ రైతు ఒక్క మనిషి కాదు. ఈ కథలో మున్ముందు వచ్చే జనగామ అవ్వా, భూపాలపల్లి గని కార్మికుడూ అంతే. తెలుగు జిల్లాల్లో కార్డు మార్పిడి మోసాల ఫిర్యాదుల్లో పదేపదే కనిపించే తీరును ముగ్గురి మీద పెట్టి చెబుతున్నాను. పేర్లు అందుకే లేవు. మాటలు నేను కూర్చినవి. జరిగే పద్ధతి మాత్రం ఇదే.

ఆ పద్ధతికి కావలసిన పెట్టుబడి ఒక్క పాత కార్డు. ఒకే బ్యాంకు కార్డులు రంగులో, అచ్చులో ఒక్కలాగే ఉంటాయి. ఖాతా తెరిచిన రోజే చేతికిచ్చే చాలా కార్డుల మీద మనిషి పేరు కూడా ఉండదు, అంకెలే ఉంటాయి. ఒకరి దగ్గర కొట్టేసిన కార్డు, ఖాతా ఖాళీ అయ్యాక, ఇంకొకరి చేతిలో పెట్టడానికి పనికొస్తుంది. అంటే మోసపోయిన ప్రతి మనిషి చేతిలోనూ తనకన్నా ముందు మోసపోయిన మనిషి కార్డు ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

2013 నవంబరు 19న బెంగళూరులో ఏటీఎంలోకి వెళ్ళిన ఒక బ్యాంకు ఉద్యోగిని మీద ఒకడు వేటకత్తితో దాడి చేశాడు. కెమెరాలో పడిన ఆ దృశ్యం టీవీల్లో చూసి దేశమంతా వణికింది. నిందితుడు మూడేళ్ళు దాటాక, 2017లో, మదనపల్లెలో దొరికాడు. అప్పటినుంచి ఏటీఎం గది అంటే కత్తి పట్టుకున్నవాణ్ణి తలుచుకుని భయపడ్డాం. కాకా అని పిలిచేవాడికి భయపడాలని ఎవరూ చెప్పలేదు. అసలు ఎలా భయపడతారు? మన ఊళ్ళలో ముక్కూ ముఖం తెలియనివాణ్ణి కూడా వరస పెట్టే పిలుస్తాం. బస్సు బోర్డు చదివి పెట్టమన్నా, మందుల చీటీ చూడమన్నా పక్కనున్న పిల్లవాణ్ణే అడుగుతాం. చదువు రాని తరం ఈ దేశంలో బతికిందే అలా అడిగి. దొంగ కొత్త విద్య ఏదీ కనిపెట్టలేదు. ఆ నమ్మకం నడిచే దారిలో నిలబడ్డాడు, అంతే.

2014 ఆగస్టు 28న జన్‌ధన్ మొదలయ్యాక కోట్ల మందికి ఖాతాలూ రూపే కార్డులూ వచ్చాయి. పింఛను, ఉపాధి కూలి, రైతుబంధు అన్నీ ఖాతాలోకే మళ్ళాయి. మధ్య దళారీ తగ్గాడు, అది నిజమైన మేలు. కానీ కార్డు ఇచ్చిన చేయి దాన్ని వాడటం నేర్పలేదు. మొదటి నాలుగుసార్లు ఆ మిషను పక్కన నిలబడి చూపించడానికి బ్యాంకు మనిషి ఒకడు ఉండాల్సింది. ఆ చోటు ఖాళీగా ఉంది. ఇస్త్రీ చొక్కా కుర్రాడు నిలబడింది ఆ ఖాళీలోనే. ఈ నేరంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

నగదిచ్చే మిషను తొలిసారి 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో పనిచేసింది. దాని వెనకున్న జాన్ షెపర్డ్ బారన్ పుట్టింది మన షిల్లాంగ్‌లో. పిన్ను ఆరంకెలు పెడదామనుకుంటే, నాలుగుకు మించి తనకు గుర్తుండవని భార్య అన్నదట, అందుకే నాలుగయిందని ఆయనే చెప్పుకున్నాడు. ఇంట్లో ఒక మనిషి ఇబ్బంది చూసి మిషనునే మార్చారు. అక్షరం రాని మనిషి ఇబ్బందికి మాత్రం కవరు లోపల బాల్‌పెన్ను రాతే దిక్కయింది.

రైతు కార్డు ఆ సాయంత్రమే ఊరు దాటింది. మానుకోట నుంచి కాజీపేట మీదుగా సికింద్రాబాద్ దాకా రైళ్ళకు కొదవ లేదు. రాత్రి పన్నెండుకు ముందు ఒకసారి, పన్నెండు దాటాక రెండుసార్లు, ప్రతిసారీ తొమ్మిదిన్నర వేలు. ఈ లెక్కకు కారణాలున్నాయి. రోజుకు ఇంతకన్నా తీయకూడదని కార్డుకు పరిమితి ఉంటుంది. స్టేట్ బ్యాంకు 2018 అక్టోబరు 31 నుంచి మామూలు కార్డుల పరిమితిని 40 వేల నుంచి 20 వేలకు తగ్గించింది. తేదీ మారితే పరిమితి మళ్ళీ మొదలవుతుంది. అదే బ్యాంకు 2020 సెప్టెంబరు 18 నుంచి తన ఏటీఎంలలో 10 వేలు, ఆపైన తీస్తే ఫోన్‌కు ఓటీపీ పంపే పద్ధతిని రోజంతటికీ విస్తరించింది. పదివేలకు ఐదొందలు తక్కువ తీస్తే ఆ ఓటీపీ రాదు. ఆదివారం ఒక పెట్రోలు బంకులో, ఒక ఫోన్ల దుకాణంలో అదే కార్డు గీకారు.

ప్రతిసారీ మెసేజ్ వెళ్ళింది. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నంబరుకు వెళ్ళింది. ఆ సిమ్ము పోయి రెండేళ్ళయింది.

మంగళవారం రైతు మళ్ళీ ఏటీఎంకు వచ్చాడు. కవరులోని అంకెలు ఇంకొకరితో కొట్టించాడు. పిన్ను తప్పంది మిషను. మూడుసార్లు తప్పయ్యాక ఇక ఒప్పుకోలేదు. మిషను చెడిందనుకుని బ్యాంకులోకి వెళ్ళి పాసుబుక్కులో పద్దులు అచ్చు వేయించాడు. కౌంటరు వెనకున్న అమ్మాయి వరసలు చదువుతూ మధ్యలో ఆగి, “ఈ పైసలన్నీ మీరే తీసిండ్రా?” అనడిగింది. ఆ పుస్తకంలో మిర్చి డబ్బు లేదు.

రైతు చేతిలో ఉన్నది జనగామ దగ్గరి పల్లెలో పాలు పోసుకునే అవ్వ కార్డు. ఆమె సంగతి ఇంకా ముందు జరిగింది. జనగామ బస్టాండు దగ్గర ఒక ఏటీఎంలో, పాల బిల్లు తీసుకోబోతే, “మిషన్ల పైసలు లెవ్వు పెద్దమ్మా,” అని కార్డు తిరిగిచ్చాడొకడు. ఆమెకు పైసలు కూడా ఇవ్వలేదు. నాలుగు రోజుల తర్వాత ఖాతాలో ఏమీ లేదని తెలిసింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే కొడుకు ఏమంటాడో ఆమెకు తెలుసు: “నీకెవడు చెప్పమన్నడు పిన్ను?” ఆ మాటకు జంకి చీరకొంగులో కార్డును ముడివేసుకుని ఊరుకుంది.

ఆ ఒక్క మాట దొంగకు ఎంత మేలు చేస్తుందో ఇళ్ళలో తెలియదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి పైసా నష్టం ఉండకూడదు. పిన్ను తానే చెప్పుకుంటే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా ఖాతాదారు నెత్తిన పడుతుంది. కానీ ఫిర్యాదు అందిన నిమిషం నుంచి పోయే ప్రతి రూపాయీ బ్యాంకుదే. అందుకే ఫోన్ చేసిన సమయమూ, ఫిర్యాదు నంబరూ రాసి పెట్టుకోవాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన భారం కూడా ఆ ఉత్తర్వు బ్యాంకు మీదే పెట్టింది. బ్యాంకు ముప్పై రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇంట్లో తిట్లకు భయపడి ఊరుకున్న కొద్దీ ఈ రక్షణ తగ్గిపోతుంది. ముసలి తల్లిని తిట్టేముందు కొడుకులు ఇది ఒకసారి తలుచుకోవాలి.

భూపాలపల్లిలో కథ వేరేలా నడిచింది. కేటీకే ఐదో గని కార్మికుడు జీతం తీయడానికి వెళ్ళాడు. వెనకున్నవాడు నమస్తే పెట్టి, “అన్నా, ఏ గని? మా మామ గూడ ఆరో గనిల జేసిండు,” అని కలిపాడు. తర్వాతదంతా మానుకోటలో జరిగినట్టే జరిగింది. కాకపోతే ఈయన ఫోన్ నంబరు ఖాతాలో సరిగ్గా ఉంది. ఇంటికి చేరి చొక్కా విప్పకముందే మెసేజ్ మోగింది. తొమ్మిదిన్నర వేలు. డిగ్రీ చదివే కూతురు చదివింది.

“నాయినా, ఇప్పుడే పైసలు తీసినవా?”

“లే బిడ్డా. పొద్దుగాలనే తీస్కొచ్చిన.”

ఆ పిల్ల బ్యాంకు టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, అంకెలు చదవడానికి తండ్రి కార్డు తిప్పి చూసింది. దాని మీద వేరే పేరుంది. “నాయినా, ఇది నీ కార్డు గాదు!” అంది. కార్డు మీది అంకెలే చదివి ఉంటే వేరే ఎవరిదో కార్డు ఆగేది, తండ్రి కార్డు దొంగ చేతిలో బతికే ఉండేది. పాసుబుక్కులోని ఖాతా నంబరు, తండ్రి ఫోన్ నంబరు చెప్పి ఆపించింది. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసింది. ఏటీఎంలో నోట్లుగా తీసినదాన్ని ఎవరూ ఆపలేరు. దుకాణంలో గీకిన డబ్బయితే అవతలి ఖాతాలో నిలిపివేసే వీలుంటుంది, త్వరగా చెబితేనే. పోయింది తొమ్మిదిన్నర వేలు. మిగతా జీతం దక్కింది.

సాయంత్రం తండ్రీకూతుళ్ళు ఆ కార్డుతో సహా పోలీసు స్టేషనుకు వెళ్ళారు. చాలామంది కోపంతో ఆ పనికిరాని కార్డును విరిచేస్తారు. విరవకూడదు. దొంగ వదిలి వెళ్ళిన వస్తువు అదొక్కటే. ఏటీఎం కెమెరా దృశ్యాలు ఎల్లకాలం ఉండవు, అందుకే ఏ ఏటీఎం, ఏ సమయం అన్నది ఫిర్యాదులోనే రాయాలి. సంఘటన జరిగిన స్టేషనుకే పోవాలన్న నియమం కూడా లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఎక్కడైనా ఫిర్యాదు తీసుకోమంటోంది. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఈ మోసానికి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది.

భూపాలపల్లి కార్డు మీది అంకెలు పట్టుకుని బ్యాంకును అడిగితే మానుకోట రైతు పేరు వచ్చింది. రైతు దగ్గరున్న కార్డు అంకెలు పట్టుకుంటే జనగామ అవ్వ తేలింది. ఫిర్యాదు ఇవ్వని మనిషి ఇంటికి పోలీసులే వెళ్ళారు. అవ్వ మొదట కార్డు పోలేదనే అంది. కొడుకు పక్కనే ఉన్నాడు. “నిన్ను ఎవ్వరు ఏమనరు పెద్దమ్మా, నీ లెక్క ఇంకిద్దరు మోసపోయిండ్రు,” అని కానిస్టేబుల్ చెప్పాక కొంగు ముడి విప్పింది. దాని మీద ఎవరి పేరుందో ఆమెకు చదవడం రాదు. కానిస్టేబుల్ చదివాడు, ఎవరో మగమనిషి పేరు. పదహారంకెలు కాగితం మీద రాసుకుని, ఆ బ్యాంకుకు ఫోన్ కలిపాడు. ఈలోగా కొడుకు బండి తీసి, ఫిర్యాదు రాయించడానికి తల్లిని వెనక ఎక్కించుకున్నాడు.