పిట్టగోడ

డాబా ఇంటి పైకప్పు అంచున, మనుషులు క్రింద పడకుండా కట్టే పొట్టి గోడను పిట్టగోడ అంటారు. బావుల చుట్టూ, వంతెనల ప్రక్కన, బాల్కనీల అంచున కట్టే పొట్టి గోడలకు కూడా ఈ పేరు వాడుకలో ఉన్నది. 'పిట్టకథ' అన్న మాటలో వలెనే ఇక్కడ కూడా 'పిట్ట' అనగా చిన్నది అని అర్థం. ఇటుక గోడకు బదులుగా ఇనుప కమ్మీలు, స్టీలు గొట్టాలు, సిమెంటు జాలీలు, గాజు పలకలు వాడటం కూడా ఉన్నది. ఈ వ్యాసం ముఖ్యంగా ఇళ్ళ డాబాలపై కట్టే వాటిని, వాటి ఎంపికను గురించినది.

నేపథ్యం

పైకప్పుకు అంచు కట్టాలన్న ఆలోచన చాలా పాతది. క్రొత్త ఇల్లు కట్టినప్పుడు ఎవరూ పైనుండి పడకుండా కప్పు చుట్టూ గోడ కట్టించాలని బైబిలులోని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఆదేశిస్తుంది. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులపై ఉన్న పిట్టగోడలు చిన్న చిన్న మినార్లతో అలంకారంగా కట్టినవి.

రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల మట్టి మిద్దెలకు అంచు గోడ తక్కువ ఎత్తులోనే ఉండేది. మిద్దె మీది మట్టి వానకు జారిపోకుండా ఆపి, నీటిని తూముల వైపు మళ్ళించటం దాని ముఖ్యమైన పని. సిమెంటు స్లాబులు వచ్చిన తరువాత డాబా కూడా ఇంటిలో ఒక గది వంటిదైనది. మిరపకాయలు, వడియాలు ఎండబెట్టటం, వేసవి రాత్రులు పడుకోవటం, సంక్రాంతికి గాలిపటాలు ఎగురవేయటం అన్నీ అక్కడే. అయినా చాలా పాత ఇళ్ళలో పిట్టగోడ మాత్రం రెండు, రెండున్నర అడుగుల వద్దనే ఆగిపోయింది. గాలిపటం ఎగురవేసేవారు ఆకాశం వైపు చూస్తూ వెనుకకు నడుస్తారు. హైదరాబాదులో సంక్రాంతి రోజులలో డాబాల పైనుండి పడిన వారి వార్తలు తరచుగా వస్తుంటాయి.

ఎత్తు

ఎంపికలో అన్నిటికంటే ముందు చూడవలసినది ఎత్తు. భారతదేశపు భవన నిర్మాణ నియమావళి ప్రకారం పిట్టగోడ సుమారు ఒక మీటరు నుండి 1.2 మీటర్ల వరకు ఉండాలి. దీనికి కారణం తేలికగా గ్రహించవచ్చును. నిలబడిన మనిషి గరిమనాభి అతని ఎత్తులో సగానికి కొంచెం పైన ఉంటుంది. 170 సెంటీమీటర్ల మనిషికి అది సుమారు 95 సెంటీమీటర్ల వద్ద వస్తుంది. గోడ అంతకంటే తక్కువైతే, తూలిన మనిషిని ఆపటానికి బదులు మోకాళ్ళ పైన తగిలి అవతలికి పల్టీ కొట్టిస్తుంది. అందువలన రెండు అడుగుల గోడ అసలు లేనిదాని కంటే కొంత మేలే అనుకోవటం పూర్తిగా సరికాదు. గోడ ఉన్నదన్న ధైర్యంతో మనుషులు అంచు వరకు వెళతారు.

ఎత్తును స్లాబు నుండి కాక కాళ్ళు ఆనే చోటు నుండి కొలవాలి. నీరు దిగకుండా వేసే కాంక్రీటు పొర, దాని పైన టైల్సు కలిసి మూడు నాలుగు అంగుళాలు మింగివేస్తాయి. గోడ ప్రక్కన మంచం, పూలకుండీల దిమ్మె, నీళ్ళ ట్యాంకు మెట్టు వంటివి ఉంటే అక్కడ గోడ ఎత్తు ఆ మేరకు తగ్గినట్లే. మేస్త్రీలు సాధారణంగా ఈ లెక్క చెప్పరు, ఇంటి యజమానే అడిగి వ్రాయించుకోవలసి ఉంటుంది.

రకాలు

ఇటుక గోడ అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. చాటు ఇస్తుంది, పిల్లలకు ఎక్కటానికి ఆధారం ఉండదు. నాలుగున్నర అంగుళాల గోడ ఒక మీటరు ఎత్తు కడితే, ప్రతి మీటరు పొడవుకు పూతతో కలిపి సుమారు 250 కిలోల బరువు ఉంటుంది. ఆధారం లేకుండా బయటికి చొచ్చుకువచ్చిన బాల్కనీ చివర ఈ బరువును తరువాత చేర్చటం ప్రమాదకరం, ఇంజనీరును అడగకుండా చేయరాదు. పలుచని గోడ పొడవుగా పోతే మధ్య మధ్య చిన్న స్తంభాలు, పైన కాంక్రీటు పట్టీ అవసరం. ఎండకు స్లాబు సాగి, రాత్రికి ముడుచుకోవటం వలన గోడకు, స్లాబుకు మధ్య అడ్డంగా పగులు వస్తుంది. ఆ పగులులో నుండి దిగిన నీరే చాలా ఇళ్ళలో పై అంతస్తు గోడల చెమ్మకు మూలం. గోడ తలను లోపలికి వాలుగా కట్టటం, మూలలలో గోడకు, నేలకు మధ్య గుండ్రంగా పూత పూయటం వలన ఇది చాలా వరకు తగ్గుతుంది. నిండు గోడకు మరొక లోపం, గాలి రాకపోవటం. డాబా మీద పడుకునేవారికి ఇది బాగా తెలుసు. సిమెంటు జాలీలు ఈ లోపాన్ని తీరుస్తాయి కానీ వాటి రంధ్రాలు పిల్లల కాళ్ళకు మెట్లు అవుతాయి.

కమ్మీలు, గొట్టాలతో చేసిన అంచు తేలికైనది, గాలికి అడ్డురాదు. కమ్మీలు నిలువుగానే ఉండాలి. అడ్డంగా ఉంటే అది పిల్లలకు నిచ్చెనే. రెండు కమ్మీల మధ్య ఎడం పది సెంటీమీటర్లకు మించకపోతే పసిపిల్లల తల దూరదు. సముద్రతీరపు ఊళ్ళలో మామూలు ఇనుము ఉప్పు గాలికి త్వరగా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో కూడా 304 రకం కంటే 316 రకం అక్కడ ఎక్కువ కాలం నిలుస్తుంది.

గాజు పలకలు ఇటీవలి అలవాటు. టఫెన్డ్ గాజు ఒక్కటే వాడితే, పగిలినప్పుడు చిన్న ముక్కలై రాలిపోయి అక్కడ ఖాళీ మిగులుతుంది. రెండు పలకలను పొరతో అతికించిన లామినేటెడ్ గాజు పగిలినా చోటు వదలదు కనుక డాబా అంచుకు అదే తగినది.

కోతుల బెడద ఉన్న ఊళ్ళలో డాబా అంతటికీ పైన కూడా గ్రిల్ బిగిస్తున్నారు. దీనికి లోపలి నుండి వెంటనే తెరవగల తలుపు తప్పనిసరి. నిప్పు అంటుకున్నప్పుడు డాబాయే తప్పించుకునే దారి కావచ్చును. ఇనుప రేకుల షెడ్డు వేయదలచినవారు స్థానిక సంస్థ అనుమతితో పాటు గాలి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపానులో రేకులు, గాజు పలకలు ఎగిరిపోయి విపరీతమైన నష్టం జరిగింది.

సామాన్యమైన ఇంటికి మూడు అడుగుల ఇటుక గోడ, దాని పైన నాలుగు అడుగుల వరకు గొట్టం ఉన్న అమరిక అనువైనది. రెండు అడుగుల గోడ కట్టి మిగిలినది కమ్మీలతో నింపటం చూడటానికి బాగున్నా, గోడ తల మీద పిల్లవాడు నిలబడితే మిగిలే రక్షణ రెండు అడుగులే.

పాత గోడలను పెంచటం

పాత గోడ మీద నేరుగా ఇటుకలు పేర్చితే అతుకు వద్ద విరిగే అవకాశం ఉన్నది. గొట్టపు స్తంభాలను నాలుగు అడుగులకు ఒకటి చొప్పున, గోడ తలలో కాక వీలైనంత వరకు స్లాబులోనికి లేదా కాంక్రీటు స్తంభాలలోనికి బోల్టులతో బిగించాలి. పాత గోడ పూత గుల్లబారి ఉంటే, తట్టి చూసి ఆ భాగాన్ని ముందుగా తీసివేయాలి. డాబా ప్రక్కగా 11 కిలోవోల్టుల విద్యుత్ తీగ పోతున్నట్లయితే, తీగకు, కట్టడానికి మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలి. గొట్టాలు పైకెత్తి బిగించే సమయంలో ఆ వైపు సరఫరా ఆపించుకోవటం అవసరం.