గౌతమీపుష్కరములు: బృహస్పతి గతి

బృహస్పతి సింహరాశిని ప్రవేశించినపుడు గోదావరికి పుష్కరములు వచ్చుననుట యెల్లవారు నెఱిగినదే. ప్రవేశదినము మొదలు పండ్రెండు దినములు ఆదిపుష్కరము. రాశిని విడుచుటకు ముందరి పండ్రెండు దినములు అంత్యపుష్కరము. స్నానదానఫలములు ధర్మశాస్త్రజ్ఞుల విషయము. బృహస్పతి సుమారు పండ్రెండేండ్లకే సింహమునకు మరల వచ్చుటకు హేతువేమి, ఆ సుమారు అను మాటలో నెంత కొఱత యున్నది, దానివలన చరిత్రకారులకు గలిగిన చిక్కులెట్టివి యనునవి గణితమునకును గతిశాస్త్రమునకును సంబంధించినవి.

సూర్యసిద్ధాంతము ప్రకారము 43,20,000 సౌరవర్షముల మహాయుగమునందు బృహస్పతి భగణములు 3,64,220. భాగించినచో నొక భగణమునకు 11.861 వర్షములు, అనగా 4,332.32 దినములు వచ్చును. నేటి వేధలవలన దేలినది 4,332.59 దినములు. భేదము దినములో నాలవవంతు కంటె గొంచెమెక్కువ. దూరదర్శకయంత్రము లేని కాలమున నింత సూక్ష్మముగా దెలిసికొనుట తరతరముల వేధకు సాక్ష్యము. అయినను దోషము స్వల్పమైనను పోగగును. పదునైదువందల యేండ్లలో 126 భగణములు గడచును. అప్పటికి ముప్పది దినములకు బైగా దప్పును. దీనిని గనిపెట్టియే తరువాతివారు బీజసంస్కారమను పేర భగణములలో 8 తగ్గించిరి. అప్పుడు 4,332.42 దినములు వచ్చును. దోషములో మూడవవంతు తీరినది. సిద్ధాంతసంఖ్యలను తాకరాదను పట్టుదల పూర్వులకు లేకుండె ననుటకు నింతకంటె నిదర్శన మేల?

ఇక గతికి హేతువు. మందోచ్చ శీఘ్రోచ్చ పాతములు కాలముయొక్క అదృశ్యమూర్తులనియు, అవి వాయురజ్జువులతో గ్రహములను దమవైపునకు లాగుచున్నవనియు సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. దీనిని కట్టుకథయని త్రోసివేయుట తగదు. సమగతి తప్పినచోట నేదో లాగుచున్నదని యూహించుట బలవిచారమునకు దొలిమెట్టు. భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో (1150) భూమికి ఆకృష్టిశక్తి కలదనియు, అది ఆకాశమందలి గురువస్తువును తనవైపునకు లాగుననియు జెప్పెను. ఇంతమాత్రముచేత న్యూటను చెప్పినదెల్ల భాస్కరుడు ముందే చెప్పెననుట అత్యుక్తి. భాస్కరుని ఆకృష్టి పడు వస్తువునకు జెప్పబడినది. గ్రహగతికి దానిని హేతువుగా నాతడు చేయలేదు. దూరమునుబట్టి బలమెంత తగ్గునను లెక్కయు నందు లేదు.

ఆ లెక్క 1687లో న్యూటనువలన వచ్చినది. కదలు వస్తువు నేదియు నడ్డగింపనిచో నది సరళరేఖపై సమవేగముతో బోవును. దారి వంగవలెనన్న బలము కావలెను. వడిసెలలోని రాయి త్రాటి లాగుడువలన గుండ్రముగా దిరుగును. త్రాడు విడిచినచో తిన్నగా నేగును. గ్రహమునకు సూర్యాకర్షణమే త్రాడు. అది దూరవర్గమును బట్టి తగ్గును. సూర్యునినుండి బృహస్పతి భూమికంటె 5.2 రెట్లు దూరమున నుండుటచే నచ్చట ఆకర్షణము ఇరువదియేడవ వంతు. దుర్బలమైన యాకర్షణమునకు దగినట్లు నడకయు మందము: భూమి సెకనునకు సుమారు 30 కిలోమీటర్లు పోగా బృహస్పతి 13 మాత్రమే పోవును. దారి 5.2 రెట్లు దీర్ఘము, నడక 2.28 రెట్లు మందము. ఈ రెంటిని గుణింపగా 11.86. పుష్కరమునకు బండ్రెండేండ్లగుట యీ గుణకారఫలమే. ఇట్టి పాశ్చాత్య ఖగోళవిద్యను తెనుగువారికి దెలుపుటకై రాజమహేంద్రవరవాసియగు కందుకూరి వీరేశలింగము (1848–1919) జ్యోతిశ్శాస్త్రసంగ్రహమును రచించెను.

ఇక నా కొఱత చేయు పని. పండ్రెండేండ్లు నిండునప్పటికి బృహస్పతి పూర్ణభగణమునకుమించి నాలుగంశలు ముందుకు బోయియుండును. కావుననే సింహప్రవేశము 1991లో ఆగస్టు 14న, 2003లో జూలై 30న, 2015లో జూలై 14న జరిగినది. ఒక్కొక్కతూరి పదునైదు పదునాఱు దినములు ముందునకు జరుగుచున్నది. ఇట్లు జరిగి జరిగి సుమారు 86 ఏండ్లకొకసారి పర్వము పదునొకండవ యేటనే వచ్చును. 2015 నాటిది 144 ఏండ్లకొకసారి వచ్చు మహాపుష్కరమని ప్రచారము జరిగినది. పండ్రెండు పండ్రెండ్లు నూటనలువదినాలుగనుట అంకగణితమునకు సరియే. బృహస్పతికి మాత్రము సరికాదు. ఆయన పండ్రెండు భగణములకు 142.3 ఏండ్లు పట్టును. 144 ఏండ్లకు ముందు, అనగా 1871 జూలైలో, బృహస్పతి సింహమున లేడు, మిథునమున నుండెను.

చరిత్రకారులకు ఇంతకంటె ముఖ్యమైనది సంవత్సరనామముల చిక్కు. ప్రభవాదులు మొదట బృహస్పతి మధ్యమగతిచే నొక్కొక్క రాశిని దాటు కాలమునకు బెట్టిన పేళ్ళు. ఆ కాలము 361.03 దినములు, సౌరవర్షమునకు నాలుగుదినములకు బైగా తక్కువ. కావున సుమారు 85⅓ ఏండ్లకొక నామము క్షయమై పోవలెను. ఔత్తరాహులు నేటికిని క్షయము పాటింతురు; తెనుగు కన్నడ దేశములవారు మానిరి. 2015–16 మనకు మన్మథ, వారికి కీలక. మన్మథ యిరువదితొమ్మిదవది, కీలక నలువదిరెండవది; ఎడము పదుమూడు. పదుమూటిని 85⅓చే గుణింపగా సుమారు 1,109 ఏండ్లు. అనగా దక్షిణమున క్షయమును విడిచినది పదవశతాబ్ది యారంభమున నని యీ పేళ్ళే చెప్పుచున్నవి. తరువాతి తెనుగుశాసనములలోని సంవత్సరనామమును బృహస్పతి స్థానముతో సరిచూడబోవుట వ్యర్థము. శాసనము గురుడు సింహమున నుండెనని స్పష్టముగా జెప్పినచో మాత్రము సరిచూడవచ్చును.

ప్రవేశక్షణమును గూర్చి యొకమాట. రాశిసంధియందు ఆకాశమున గీతయేదియు లేదు. అది అయనాంశమునుబట్టి యేర్పడునది. 1955లో పంచాంగసంస్కరణసంఘము అయనాంశను 1956 విషువమునకు 23 అంశల 15 కలలుగా నిర్ణయించినది; దానికి నొక యంశకు మించి భేదించునవియు వాడుకలో గలవు. బృహస్పతి యా కాలమున దినమునకు బండ్రెండు పదుమూడు కలలు నడచును గావున, ఒక యంశభేదమునకు బ్రవేశము నాలుగైదు దినములు మారును. 2015 జూలై 14 ఉదయమున రాజమహేంద్రవరపు పుష్కరఘట్టమున తొలిస్నానమునకు జేరిన జనసమ్మర్దములో తొక్కిసలాట కలిగి యిరువదియైదుగురికి మించి మరణించిరి. ఏ గడియకై వారట్లు త్వరపడిరో, ఆ గడియను ఘటికావిఘటికలతో నిర్ణయించుటకు సూర్యసిద్ధాంతమునగాని న్యూటను గణితమునగాని యాధారము లేదు.